టెన్షన్ తగ్గించుకోమంటారు, ఎలాగో చెప్పరు

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. విజయవాడలో ఒక చీరల షాపులో సేల్స్‌లో చేస్తున్నాను. ఏడేళ్ల పాప ఉంది. ఆరేళ్ల నుంచి సోరియాసిస్. మొదట్లో తలలో చుండ్రు అనుకున్నాం. తర్వాత మోచేతులకి వచ్చింది, ఇప్పుడు చేతుల మీదకి కూడా పాకింది. నల్ల పట్టుచీర పరిస్తే దాని మీద తెల్లగా పొట్టు రాలుతోంది. మొన్న శ్రావణమాసంలో ఒకావిడ నా చేతులు చూసి "వేరే అమ్మాయిని పిలవండి" అంది. ఆ తర్వాత ఓనరు గారు నన్ను కౌంటరు మీద నుంచి లోపల స్టాకు గదికి మార్చారు. ఇంట్లో అత్తగారు నా సబ్బు, టవలు, గ్లాసు వేరు చేశారు. సర్పదోషం ఉందనీ, మోపిదేవి వెళ్లి పుట్టలో పాలు పోస్తే పోతుందనీ అంటారు. మా ఆయన మంచివారే, "ఏం కాదులే" అంటారు. నేనే పక్కగదిలో పాప దగ్గర పడుకుంటున్నాను. ఎండాకాలంలో కూడా నిండు చేతుల జాకెట్టే. పేరంటాలకి వెళ్లడం మానేశాను. రాత్రిళ్లు దురద, నిద్ర పట్టదు. ఎందుకీ బతుకు అనిపిస్తుంది ఒక్కోసారి. స్కిన్ డాక్టరు గారు ఆయింట్‌మెంట్ రాసిచ్చి, "టెన్షన్ తగ్గించుకో అమ్మా, టెన్షన్ వల్లే పెరుగుతోంది" అన్నారు. ఎలా తగ్గించుకోవాలండీ? మానసిక డాక్టరు దగ్గరికి వెళ్తే నాకు పిచ్చి అనుకోరా? ఫిబ్రవరిలో మా చెల్లి పెళ్లి కూడా ఉంది.
ఒక సోదరి, విజయవాడ

జవాబు: మీరు అడిగిన ప్రశ్నల జోలికి వెళ్లేముందు, గబగబా రాసి దాటేసిన ఒక మాట దగ్గర ఆగాలి. ఎందుకీ బతుకు అనిపిస్తుంది అన్నారు. విసుగు పుట్టి అనుకున్న మాటేనా? లేక చచ్చిపోతే బాగుండునని నిజంగానే అనిపిస్తోందా? ఎలా అన్నదాకా ఆలోచన వెళ్తోందా? ఇలా సూటిగా అడిగితే లేని ఆలోచన కొత్తగా పుట్టదు, ఉన్నదాన్ని బయటికి చెప్పుకోవడం తేలికవుతుంది. విసుగే అయితే కింద రాసింది నిదానంగా చదవండి. అంతకు మించి అయితే చదవడం ఆపి ఇప్పుడే మీ ఆయనకి చెప్పండి, 14416 కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు దాన్ని, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పైసా కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక టెన్షన్ సంగతి. మీ డాక్టరు గారు చెప్పింది అబద్ధమేమీ కాదు. సోరియాసిస్‌లో మన ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే పొరపాటుపడి చర్మాన్ని తొందరపెడుతుంది. మామూలుగా చర్మం అడుగున పుట్టిన కణం పైకొచ్చి రాలిపోవడానికి సుమారు నెల పడుతుంది. సోరియాసిస్ ఉన్నచోట ఆ పనంతా నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. పాత పొర రాలకముందే కొత్త పొర తయారవుతుంది కాబట్టి పొలుసులు కడతాయి. మనసు మీద ఒత్తిడి పెరిగినప్పుడు ఇది ఎక్కువయ్యేవాళ్లు చాలామందే ఉన్నారు. దురద ఎక్కువవుతుంది, గీరుతారు, గీరిన చోట కొత్త మచ్చ లేస్తుంది. చర్మానికి దెబ్బ తగిలిన చోటే సోరియాసిస్ లేవడాన్ని 19వ శతాబ్దంలోనే కోబ్నర్ అనే జర్మన్ డాక్టరు గమనించి రాశాడు. ఇప్పటికీ చర్మవైద్యులు ఆయన పేరుతోనే చెప్పుకుంటారు.

కానీ "టెన్షన్ వల్లే" అని చెప్పి పంపించేస్తే ఇంటికెళ్లాక ఏం జరుగుతుందో చూడండి. కొత్త మచ్చ కనపడ్డ ప్రతిసారీ ఇది నేనే తెచ్చుకున్నాను అనిపిస్తుంది. టెన్షన్ పడుతున్నానేమో అని టెన్షన్. జబ్బు చాలదన్నట్టు తప్పు కూడా పేషెంటు నెత్తినే పడుతుంది. మీ ఉత్తరం మీరే ఇంకోసారి చదువుకోండి. వేరే అమ్మాయిని పిలవమన్నది కస్టమరు. స్టాకు గదికి పంపింది ఓనరు. గ్లాసు వేరు చేసింది అత్తగారు. ఇవన్నీ మీరు కూర్చుని కల్పించుకున్నవా? అందుకే ఆ "తగ్గించుకో" అన్న మాటతో నాకు పేచీ. మీ మీద ఉన్న బరువులో కొంత మీరు దించుకోవాలి, కొంత పెట్టినవాళ్ల చేతే తీయించాలి, మిగతాదానికి వైద్యం ఉంది.

పిచ్చి అనుకోరా అన్నారు. అనుకునేవాళ్లు ఉంటారు, లేరని బుకాయించను. హైదరాబాదులో ఎర్రగడ్డ, వైజాగ్‌లో చినవాల్తేరు, మానసిక ఆసుపత్రులు ఉన్న ఆ పేటల పేర్లే మన జోకుల్లో తిట్లయిపోయాయి. అయితే మీరు వెళ్లబోయేది అక్కడికి కాదు. మీ ఊళ్లోనే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, మానసిక వైద్యం ఓపీ కూడా ఉంది. చీటీ రాయించుకుని వరసలో కూర్చునేవాళ్లలో నిద్ర పట్టనివాళ్లు, పరీక్షల భయం ఉన్న పిల్లలు, మందు మానాలనుకునేవాళ్లు, కాన్పయ్యాక దిగులు పట్టుకున్నవాళ్లు, అందరూ ఉంటారు. మీరు చెప్పిన సంగతులు మీ అనుమతి లేకుండా బయట పెట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. మీ ఓనరుకో, పక్కింటివాళ్లకో తెలియాల్సిన పనే లేదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు జెనీవాలో సోరియాసిస్ మీద ప్రత్యేకంగా ఒక తీర్మానం చేశాయి. ఇది అంటుకోని దీర్ఘవ్యాధి అని గుర్తించడంతో పాటు, మనుషుల మనసు మీద, నలుగురిలో బతుకు మీద ఇది మోపే భారాన్ని కూడా అందులో ఒప్పుకున్నాయి. కాబట్టి మీకు కలుగుతున్న దిగులు ఈ జబ్బులో భాగమే.

మొదటి అడుగు మళ్లీ స్కిన్ డాక్టరు దగ్గరికే. ఓపీలో ఎలా ఉంటుందో నాకు తెలుసు. లోపలికెళ్తాం, జాకెట్టు చెయ్యి కొంచెం పైకి లాగి మోచెయ్యి చూపిస్తాం, ఆయన రాస్తారు, బయటికొస్తాం. నిద్ర లేదని గానీ, వేరే గదిలో పడుకుంటున్నానని గానీ నోటికి రాదు. వెనక ఇంకో పేషెంటు నిలబడే ఉంటాడు. అందుకని ఇంటి దగ్గరే ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఏం రాయాలో తోచకపోతే దానికీ ఒక పద్ధతి ఉంది. 1994లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో చర్మవైద్యులు పది ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. గడిచిన వారంలో దురద ఎంత ఉంది, సిగ్గుగా అనిపించిందా, ఏ బట్టలు వేసుకోవాలన్నదాని మీద ప్రభావం పడిందా, ఉద్యోగానికి ఆటంకమైందా, దగ్గరివాళ్లతో ఇబ్బంది వచ్చిందా, దాంపత్యంలో వచ్చిందా, ఇలా ఉంటాయి. మొత్తం 30 మార్కులు. 10 దాటితే జబ్బు జీవితాన్ని గట్టిగానే దెబ్బతీస్తోందని లెక్క. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మీది దాటేలాగే ఉంది.

ఆ మార్కులతో ఏం లాభం అంటారేమో. చాలా లాభం ఉంది. మచ్చలు ఒంట్లో ఎంత మేర ఉన్నాయన్నదొక్కటే చూసి డాక్టర్లు మందు నిర్ణయించరు, అది మనిషిని ఎంత ఇబ్బంది పెడుతోందో కూడా చూస్తారు. చేతుల మీదా, తలలో మాత్రమే ఉన్నా బతుకు ఆగిపోయినట్టుంటే ఆయింట్‌మెంటు దాటి లైట్ ట్రీట్‌మెంటో (చర్మం మీద అతినీలలోహిత కాంతి పడేలా చేసే వైద్యం), మాత్రలో, ఇంజెక్షన్లో ఆలోచిస్తారు. మీరు నోరు విప్పకపోతే "కొంచెమే ఉంది" అని పాత ట్యూబే రాసిస్తారు. రెండో బిడ్డ ఆలోచన ఉంటే ముందే చెప్పండి, ఈ మందుల్లో కొన్ని గర్భానికి ప్రమాదం. మానసికంగా తేరుకోవడానికి మొదటి మందు చాలాసార్లు చర్మానికి సరైన మందే. నేను కౌన్సెలింగ్ చేసే మనిషినై ఉండి కూడా ఈ మాట ముందు చెబుతాను. పొట్టు రాలడం తగ్గిన మనిషితో ధైర్యం గురించి మాట్లాడటం తేలిక.

తర్వాత సైకాలజిస్టు. మందులు రాసేవారు సైకియాట్రిస్టు, మాటలతో, అభ్యాసాలతో పనిచేయించేవారు సైకాలజిస్టు. మాటలంటే "ధైర్యంగా ఉండండి, అంతా మంచే జరుగుతుంది" అనడం అనుకుంటారు చాలామంది. అలా అని ఫీజు తీసుకునేవాళ్లు కనపడితే రెండోసారి వెళ్లకండి. సరైన చికిత్సలో హోంవర్కు ఉంటుంది. ఏ సమయంలో ఏ ఆలోచన వస్తోంది, దానివల్ల మీరు ఏం మానేస్తున్నారు, మానేయడం వల్ల ఇంకేం పోతోంది, ఇవి పుస్తకంలో రాయిస్తారు. కొద్ది వారాల పాటు సాగే పని. కొంత మీరే ఇంట్లో మొదలుపెట్టుకోవచ్చు, ఎలాగో చెబుతాను.

సైకియాట్రిస్టు అవసరం ఎప్పుడంటే, రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉండి, ఇదివరకు ఇష్టమైనవి కూడా రుచించక, నిద్ర, ఆకలి దెబ్బతిన్నప్పుడు. మీకు నిద్ర ఇప్పటికే పోయింది, పేరంటాలు మానేశారు, కాబట్టి ఒకసారి చూపించుకోమనే అంటాను. దిగులుకి ఇచ్చే మాత్రలు నిద్రమాత్రల్లాంటివి కావు, మత్తుగా అలవాటు పడిపోరు. గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మీ అంతట మీరు ఆపకూడదు. ఒక్క సంగతి మాత్రం నోట్లో నానుతూ ఉండాలి. లోపలికెళ్లగానే "నాకు సోరియాసిస్ ఉందండీ" అని చెప్పండి. గుండె దడకి, చేతుల వణుకుకి ఇచ్చే ప్రొప్రనలోల్ అనే మాత్ర, మూడ్ నిలకడకి ఇచ్చే లిథియం, ఈ రెండూ కొందరిలో సోరియాసిస్‌ని ఎగదోస్తాయి. టెన్షన్ తగ్గడానికి వేసుకున్న మాత్రతో మచ్చలు పెరిగితే అంతకన్నా అన్యాయం ఏముంది! డాక్టరుకి తెలిస్తే వేరేది రాస్తారు.

రాత్రి దురద గురించి. గీరకు అని మనకి మనం చెప్పుకుంటే చెయ్యి వినదు, నిద్రలో అసలు వినదు. చేతికి వేరే పని చెప్పాలి. దురద మొదలవగానే పిడికిలి గట్టిగా బిగించి మనసులో ముప్పై దాకా లెక్కపెట్టండి. తర్వాత ఆ చోట అరచేతితో అదిమి పట్టండి, గోరు తగలనివ్వకండి. మొదటి వారం గీరిన తర్వాత గుర్తొస్తుంది, రెండో వారం గీరబోతుండగా గుర్తొస్తుంది. అలాగే వస్తుంది అలవాటు. గోళ్లు పొట్టిగా ఉంచుకోండి. మంచం పక్కన తడిగుడ్డ పెట్టుకోండి. ఎంతసేపటికీ నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కూర్చోండి, మళ్లీ కునుకు వస్తున్నప్పుడే పడుకోండి. ఎన్నింటికి పడుకున్నా పొద్దున లేచే టైము మారకూడదు. ఫోనులో సోరియాసిస్ వీడియోలు మాత్రం వద్దు. రాత్రి రెండు గంటలకి చూసే ప్రతి వీడియోలోనూ మన జబ్బు ముదిరిపోయినట్టే ఉంటుంది.

ఆయింట్‌మెంటు రాసుకునే పది నిమిషాలు మీకు ఎలా గడుస్తాయి? చాలామంది ఆ సమయంలోనే చర్మాన్ని తిట్టుకుంటారు, అద్దంలో చూసి కొత్తవి వెతుక్కుంటారు. 1998లో అమెరికాలో మసాచుసెట్స్‌లో ఒక అధ్యయనం జరిగింది. లైట్ ట్రీట్‌మెంటు తీసుకుంటున్న 37 మంది సోరియాసిస్ పేషెంట్లలో కొందరికి లైటు కింద నిలబడినంతసేపూ ఊపిరి మీద ధ్యాస పెట్టమంటూ చెప్పే టేపు వినిపించారు. విన్నవాళ్లకి మచ్చలు త్వరగా తగ్గాయి. చిన్న అధ్యయనమే, దాన్ని పట్టుకుని ధ్యానంతో సోరియాసిస్ మాయం అనేవాళ్లని నమ్మకండి. కానీ ఆ పద్ధతికి ఖర్చు లేదు, నష్టం లేదు. మందు రాసుకునేటప్పుడు తలుపేసుకుని, ఫ్యాను కింద కూర్చుని, ఊపిరి లోపలికి వెళ్లేది, బయటికి వచ్చేది గమనిస్తూ నెమ్మదిగా రాసుకోండి. పాపని కూడా ఆ పది నిమిషాలు లోపలికి రానివ్వకండి, ఫరవాలేదు.

ఇప్పుడు నిండు చేతుల జాకెట్టు. ఈ జబ్బులో మనుషుల్ని ఎక్కువ అలసిపోయేలా చేసేది దాచడమే అని నా నమ్మకం. మచ్చకి పగలంతా చేయాల్సిన పనేమీ లేదు, దాచడానికి మాత్రం పగలంతా పని ఉంటుంది. చెయ్యి ఎక్కడ పెట్టాలి, పైట ఎలా కప్పాలి, ఫొటోలో ఏ పక్క నిలబడాలి, కుర్చీలోంచి లేచేముందు పొట్టు దులపాలి. పైగా దాచినంతకాలం, బయట పడితే ఏమైపోతుందో అన్న భయం పరీక్షకి రాదు కాబట్టి అది అలాగే పెరుగుతుంది. అలాగని రేపు పొద్దున్నే పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని బీసెంట్ రోడ్డు మీద నడవమనను. మెట్టు మెట్టుగా రావాలి. ముందు ఇంట్లో, ఆదివారం, పొట్టి చేతులు. అది మామూలైపోయాక డాబా మీద బట్టలు ఆరేసేటప్పుడు. తర్వాత సందు చివర కూరగాయల బండి దాకా. తర్వాత మీకు నచ్చిన ఒక స్నేహితురాలింటికి. ఒక్కో మెట్టు మీద భయం సగానికి తగ్గేదాకా మళ్లీ మళ్లీ చేయండి, ఆ తర్వాతే పై మెట్టు.

బయటికెళ్లే ముందు పుస్తకంలో ఒక వాక్యం రాయండి, ఏం జరుగుతుందని భయంగా ఉందో. "బండి అతను చిల్లర చేతికివ్వకుండా పక్కన పెడతాడు." వచ్చాక ఏం జరిగిందో దాని కిందే రాయండి. కొన్నిసార్లు భయపడ్డదే జరుగుతుంది, అదీ నిజాయితీగా రాయాలి. ఎక్కువసార్లు అతను చేతివంక చూడను కూడా చూసి ఉండడు, వంకాయలు కేజీయా అరకేజీయా అని అడిగి ఉంటాడు. మన మనసుకి ఒక దురలవాటు ఉంది, ఎదుటివాళ్ల చూపుని చదివేస్తుంది. షాపులో మీ చేతివైపు చూసిన వాళ్లందరూ మచ్చలే చూస్తున్నారనుకుంటారు. చీర అంచు ఎక్కడుంటుంది మరి? మీ చేతిమీదే కదా పరిచి చూపిస్తున్నారు! పదిమందిలో తొమ్మండుగురు జరీ చూస్తూ, ధర ఎంత చెబుతారో అని లెక్కలేసుకుంటూ ఉంటారు.

ఆ పదో మనిషి మీకు ఎదురైంది, కాదనను. అలాంటివాళ్ల కోసం ఒక మాట సిద్ధంగా ఉంచుకోవాలి. అప్పటికప్పుడు వెతుక్కుంటే గొంతు పూడుకుపోతుంది. "ఇది సోరియాసిస్ అండీ, అంటుకునేది కాదు. ఈ కలర్‌లో ఇంకో బోర్డరు కూడా ఉంది, చూపించనా?" అంతే. రెండో వాక్యం వెంటనే రావాలి, మధ్యలో ఆగకూడదు. ఆగితే వాళ్లు సలహాలు మొదలుపెడతారు. మా పిన్నిగారికి ఫలానా పసరు రాస్తే పోయింది అంటారు. ఆ మాటని అద్దం ముందు నిలబడి, గొంతు బయటికి తెచ్చి అనండి. మనసులో అనుకుంటే సరిపోదు. ముందు మీ ఆయన ముందు, తర్వాత షాపులో మీతో కలిసి అన్నం తినే అమ్మాయి ముందు అనండి. క్షమించమన్నట్టు మాత్రం చెప్పకండి. కళ్లజోడు పెట్టుకున్నామని ఎవరికైనా క్షమాపణ చెబుతామా?

ఓనరు గారి విషయం ఇంత తేలిక కాదు. స్టాకు గదికి మారితే కమీషన్ పోతుంది, నలుగురితో మాట్లాడే పని పోతుంది, మనిషి ముడుచుకుపోతుంది. అక్కడ ఏడ్చి అడిగితే జాలిపడతారు, కాగితం చూపించి అడిగితే ఆలోచిస్తారు. మీ స్కిన్ డాక్టరు చేత లెటర్‌హెడ్ మీద రాయించుకోండి, ఇది అంటువ్యాధి కాదు, బట్టల ద్వారా గానీ తాకడం ద్వారా గానీ ఎవరికీ రాదు అని. దాంతో పాటు వ్యాపారానికి పనికొచ్చే మాట ఒకటి మీరే చెప్పండి. నల్ల చీరల మీద పొట్టు రాలడం కస్టమరుకి నచ్చకపోవడం సహజమే, అందుకని మందు పనిచేసేదాకా లేతరంగు కాటన్, ఫ్యాన్సీ కౌంటరు ఇవ్వమని అడగండి. పనికి బయల్దేరే ముందు మాయిశ్చరైజరు బాగా పట్టిస్తే కొన్ని గంటల పాటు పొట్టు తక్కువ రాలుతుంది, కానీ జిడ్డు పూర్తిగా ఇంకాకే చీరలు ముట్టుకోండి. పట్టు మీద మరక పడితే అది ఇంకో గొడవ.

అత్తగారిని మార్చే పని మీరు పెట్టుకోకండి. కోడలు చెబితే వాదన, డాక్టరు చెబితే వైద్యం. మళ్లీ వెళ్లేటప్పుడు ఆవిడని వెంటబెట్టుకుని వెళ్లండి, "అత్తయ్యా, నాకు తోడు రండి" అని పిలవండి. గదిలోకి తీసుకెళ్లి, మీరే డాక్టరుని అడగండి, ఇంట్లో గ్లాసు వేరుగా పెట్టుకోవాలా అండీ అని. సమాధానం ఆయన నోటి నుంచి ఆవిడ చెవిన పడాలి. పెద్దావిడ భయం వెనక మనవరాలు ఉండి ఉండొచ్చు. సోరియాసిస్ అంటుకోదు కానీ వంశంలో కొంత రావచ్చు, తల్లికి ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే కొంచెం ఎక్కువ. అయినా అలాంటి పిల్లల్లో ఎక్కువమందికి రాదు. గ్లాసు వేరు చేస్తే అది ఆగేదీ కాదు. మోపిదేవి వెళ్లాలనిపిస్తే వెళ్లండి. మనసుకి నెమ్మది దొరికే చోటుకి వెళ్లొద్దని నేనెందుకంటాను? కృష్ణ దాటి వచ్చే గాలి మంచిదే. కానీ మీరు ఏ పామునీ చంపలేదు, ఏ పాపమూ చేయలేదు. దోషం తీరడానికి వెళ్తున్నాను అనుకుని వెళ్తే, తిరిగొచ్చాక మచ్చ తగ్గకపోతే దేవుడికి కూడా నేను అక్కర్లేదనుకుంటారు. అది చాలా ప్రమాదకరమైన ఆలోచన. మందులు మాత్రం ఆ రోజు కూడా మానకూడదు.

మీ ఆయన గురించి రెండు మాటలు. "ఏం కాదులే" అనేవాళ్లు చాలావరకు ప్రేమతోనే అంటారు, వినేవాళ్లకి మాత్రం ఇక మాట్లాడకు అన్నట్టు వినిపిస్తుంది. ఆయనకి ఏం చేయాలో తెలియదు, మీరు చెప్పాలి. తలలో, మోచేతుల వెనక, మీకు సరిగ్గా అందని చోట ఆయింట్‌మెంటు రాయమనండి. చేతితో రాయమనండి, దూదితో కాదు. ఆరేళ్లుగా మీ చర్మాన్ని డాక్టరు, మీరు తప్ప ఎవరూ ప్రేమగా తాకలేదేమో. ఆయన దూరం పెట్టారని మీరు రాయలేదు, మీరే జరిగిపోయారు. "నేను పక్కగదిలో పడుకోవడం కోపంతో కాదు, సిగ్గుతో" అని ఒక్కసారి నోరు తెరిచి చెప్పండి. వెంటనే ఏదో జరిగిపోవాలని కాదు, ఒకే గదిలో పడుకోవడంతో మొదలుపెట్టవచ్చు. ఈ ఇబ్బంది చాలా జంటల్లో ఉంటుంది, పైన చెప్పిన పది ప్రశ్నల్లో దీనికీ ఒక ప్రశ్న ఉన్నది అందుకే.

తిండి గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు వంకాయ మానమంటారు, చేప మానమంటారు, వేడి చేసిందంటారు. ఫలానాది తిన్న ప్రతిసారీ పెరుగుతోందని మీకే ఖాయంగా తెలిస్తే మానండి, లేకపోతే ఉన్న సంతోషాలు ఎందుకు తగ్గించుకోవడం? బరువు పెరగకుండా చూసుకోండి, అది మాత్రం నిజంగా పనిచేస్తుంది. మెడికల్ షాపువాళ్లు చేతిలో పెట్టే ట్యూబులు, పేరు లేని పొట్లాల మందులు వద్దు. వాటిల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటే నాలుగు రోజులు మాయమైనట్టే ఉండి, ఆపగానే జబ్బు విరుచుకుపడుతుంది. అప్పుడు మనసు కూడా దాంతో పాటే కూలుతుంది.

చెల్లెలి పెళ్లికి వెళ్లండి. అక్క లేని పెళ్లి ఫొటోలు ముప్పై ఏళ్లు అందరినీ ప్రశ్నలు వేస్తాయి. జాకెట్టు మోచేతి దాకానా, పొట్టిదా అన్నది అప్పటికి మీరు ఏ మెట్టు మీద ఉంటే అది. నిండు చేతులే వేసుకున్నా ఓటమి కాదు, పెళ్లికి వెళ్లడమే మెట్టు. కోను మెహందీలో నల్లగా పండేవి ఉంటాయి, వాటి జోలికి పోకండి, చర్మానికి పడని రంగు కలుపుతారు. రోలులో రుబ్బిన గోరింటాకు నయం, అదీ ముందు చిన్న చోట పెట్టి చూసుకుని. చుట్టాల్లో ఎవరో ఒకావిడ మీ చేతులు చూసి బుగ్గలు నొక్కుకుంటుంది, తప్పదు. ఆవిడ కోసం చెల్లిని ముందే సిద్ధం చేసిపెట్టండి. అలాంటి మాట వినపడగానే "అక్కా, ఒకసారి ఇటు రా" అని పిలిచే పని పెళ్లికూతురిది కాకపోతే ఎవరో ఒక కజిన్‌ది. మీరు ఇద్దరూ కలిసి మనిషిని ఎంచుకోండి. స్టేజీ మీద అక్షింతలు వేసేటప్పుడు చేతులు కనిపిస్తాయి, కనిపించనివ్వండి.

ఇంకొకటి. మీ ఉత్తరం పూర్తి పాఠంలో, పైన అచ్చువేయని భాగంలో, పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి అరగంట దాకా ముడుచుకోవడం లేదని రాశారు, రోజంతా చీరలు మడతపెట్టడం వల్లనేమో అన్నారు. అది చీరల వల్ల కాకపోవచ్చు. సోరియాసిస్ ఉన్నవాళ్లలో కొంతమందికి అదే జబ్బు కీళ్లలోకి వస్తుంది. ఆలస్యం చేస్తే కీళ్లు శాశ్వతంగా పాడవ్వొచ్చు, ముందే పట్టుకుంటే మంచి మందులున్నాయి. గోళ్ల మీద సూదితో గుచ్చినట్టు చిన్న గుంటలు ఉన్నాయేమో కూడా చూసుకోండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే కాగితంలో మొదటి వరస ఇదే రాయండి, ఈ వారంలోనే వెళ్లండి.